మటన్ పడనివాళ్లు ప్యాకెట్ ఎలా చదవాలి: ఆల్ఫా-గాల్ అలర్జీకి లేబుల్ మార్గదర్శి

మా తమ్ముడికి మటన్ పడదు. పడదంటే అజీర్తి, కడుపు ఉబ్బరం లాంటిది కాదు. రాత్రి ఎనిమిదికి తింటే ఒంటిగంటకు ఒళ్లంతా దద్దుర్లు, పెదవుల వాపు, కడుపులో మెలిపెట్టే నొప్పి. వర్జీనియాలో ఉద్యోగం చేసే రోజుల్లో అడవి దారుల్లో నడకకు వెళ్లి పిడుదు కుట్టించుకున్నాడు. కొన్ని వారాల తర్వాత ఇది మొదలైంది. అక్కడి డాక్టర్ రక్తపరీక్ష చేయించి ఆల్ఫా-గాల్ సిండ్రోమ్ అన్నారు. వాడు తిరిగొచ్చి మల్కాజిగిరిలో మా ఇంట్లో దిగినప్పటి నుంచి సరుకులు చూసి కొనే పని నాది.

చుట్టాలంతా చెప్పిన మాట ఒకటే: "నాన్‌వెజ్ మానేస్తే సరిపోతుంది కదా!" సరిపోదు. అంత మానేయాల్సిన అవసరమూ లేదు. చికెన్, చేపలు, రొయ్యలు, గుడ్లు వాడు హాయిగా తింటాడు. మరోపక్క, పచ్చ గుర్తున్న ప్యాకెట్లలో కూడా ఈ అలర్జీ ఉన్న కొందరికి పడనివి ఉంటాయి. అందుకే ఏ ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నా వెజ్జా నాన్‌వెజ్జా అనే దగ్గర ఆగకూడదు. ఇందులో ఉన్నది పాలిచ్చి పిల్లల్ని పెంచే జంతువుదా, కాదా? అడగాల్సింది అది.

ముందు జబ్బు సంగతి, క్లుప్తంగా

ఆల్ఫా-గాల్ ఒక చక్కెర అణువు. ఆవు, గేదె, మేక, గొర్రె, పంది, కుందేలు వంటి క్షీరదాల ఒంట్లో ఉంటుంది. మనుషుల్లో, చింపాంజీ లాంటి తోకలేని కోతుల్లో ఉండదు. కోళ్లలో, చేపల్లో ఉండదు. కొన్ని రకాల పిడుదులు కుట్టినప్పుడు మన ఒంట్లో దీనికి వ్యతిరేకంగా ఐజీఈ అనే యాంటీబాడీలు తయారవుతాయి. అమెరికాలో ఎక్కువగా కారణమయ్యేది లోన్ స్టార్ అనే పిడుదు. ఐరోపాలో, ఆస్ట్రేలియాలో వేరే రకాలు. ఆల్ఫా-గాల్ ఉండే సెటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందు ఎక్కించిన కొందరికి వెంటనే తీవ్రమైన అలర్జీ ఎందుకు వస్తోందో వెతికిన పరిశోధకులు 2008లో ఈ యాంటీబాడీల సంగతి బయటపెట్టారు.

లేబుల్ చదివేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది దీని టైమింగ్. వేరుశనగ పడనివాళ్లకు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇది సాధారణంగా 2 నుంచి 6 గంటల తర్వాత బయటపడుతుంది. అర్ధరాత్రి దద్దుర్లొస్తే ఏదో పురుగు పాకిందనుకుంటాం తప్ప, సాయంత్రం తిన్న జెల్లీ మీద ఎవరికీ అనుమానం రాదు.

మొదటి పని: మీ హద్దు ఎక్కడో తెలుసుకోండి

ఈ అలర్జీ అందరికీ ఒకే స్థాయిలో ఉండదు. ఒకరు మటన్ మానేసి పాలు, పెరుగు, నెయ్యి మామూలుగా తింటారు. ఇంకొకరికి ఐస్‌క్రీమ్ కూడా పడదు. మరి కొందరికి మందుల క్యాప్సూల్ కూడా పడదు, దాన్ని చేసే జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది కాబట్టి. కాబట్టి షాపుకు వెళ్లేముందు అలర్జీ డాక్టర్‌ను మూడు విషయాలు అడిగి రాయించుకోండి: పాల పదార్థాలు తినొచ్చా? జెలటిన్ సంగతేంటి? ఒంట్లోకి వెళ్లే మందుల విషయంలో ఏం చేయాలి? ఈ మూడు జవాబుల మీదే మీ లిస్టు ఆధారపడుతుంది. పాలు పడేవాళ్లు భయంతో పెరుగన్నం మానేసి నీరసపడాల్సిన పనిలేదు.

మోతాదు కూడా లెక్కలోకి వస్తుంది. అన్నిటికంటే ప్రమాదం గుర్దా (మూత్రపిండాలు) లాంటి అవయవాలతో, ఆ తర్వాత కొవ్వు ఎక్కువున్న మాంసంతో. కొవ్వు తక్కువున్న మాంసం, జెలటిన్, పాలు ఆ తర్వాత వస్తాయి. కొవ్వు నుంచి తీసి శుద్ధి చేసిన స్టియరేట్ లాంటివి చిట్టచివర. లేబుల్ మీద భయపడే పేర్లన్నిటికీ ఒకే బరువు ఇస్తే వారంలో విసుగొచ్చి, అసలు చూడాల్సినదాన్ని వదిలేస్తాం.

రెండో పని: గుర్తు చూడండి, కానీ దాని అర్థం సరిగ్గా తెలుసుకుని

మన దేశంలో ఒక పెద్ద సదుపాయం ఉంది. అమెరికాలో తమ్ముడు ప్రతి ప్యాకెట్‌నూ మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివేవాడు. ఇక్కడ ప్యాకెట్ ముందు వైపు, పేరుకు దగ్గర్లోనే గుర్తు ఉంటుంది. పచ్చ చతురస్రంలో పచ్చ చుక్క ఉంటే శాకాహారం. గోధుమ రంగు చతురస్రంలో త్రిభుజం ఉంటే మాంసాహారం. ఒకప్పుడు మాంసాహారానికీ చుక్కే ఉండేది. రంగు తేడా కనిపించనివాళ్లకు ఇబ్బందని 2020 లేబులింగ్ నిబంధనల్లో త్రిభుజం చేశారు.

నిబంధన ప్రకారం పచ్చ గుర్తున్న వాటిలో మాంసం, కొవ్వు, జెలటిన్, చీజ్ తయారీలో వాడే జంతువుల రెనెట్ ఉండకూడదు. మన పని సగం అక్కడే అయిపోతుంది. కానీ పాలు, పాల పదార్థాలకు ఆ నిబంధనలో మినహాయింపు ఉంది. నెయ్యి, వే పొడి (పాలు విరిగాక మిగిలే నీటి పొడి), కెసిన్ (పాల ప్రోటీన్), చీజ్ పొడి, మజ్జిగ పొడి అన్నీ పచ్చ గుర్తు కిందికే వస్తాయి. పాలు పడేవాళ్లకు పచ్చ గుర్తు దాదాపు పూర్తి భరోసా. పాలు పడనివాళ్లకు అది సగం సమాధానమే.

గోధుమ రంగు త్రిభుజంతో ఇంకో చిక్కు. గుడ్డు వేసిన కేకుకూ అదే గుర్తు, చేపల పచ్చడికీ అదే, మటన్ కీమాకూ అదే. ఏ జంతువో ఆ గుర్తు చెప్పదు. కాబట్టి త్రిభుజం కనిపించగానే ప్యాకెట్ పక్కన పెట్టేయకండి, వెనక్కి తిప్పండి.

మూడో పని: వెనక వైపు చదవండి

పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు, తక్కువున్నది చివర రాస్తారు. మనకు కావలసినవి ఎక్కువగా చివరి రెండు మూడు వరసల్లో, చీమల్లాంటి అక్షరాల్లో ఉంటాయి. ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసి చూడటం తేలిక. షాపులో టార్చ్ వేసి కళ్లు చికిలించడం కంటే చాలా నయం.

నేరుగా క్షీరదాన్ని చెప్పే మాటలు: జెలటిన్, బోవైన్ అంటే ఆవు జాతిది, పోర్సిన్ అంటే పందిది, బీఫ్, పోర్క్, మటన్, లాంబ్, లార్డ్ అంటే పంది కొవ్వు, టాలో, సూయెట్ అంటే పశువుల కొవ్వు. కొలాజెన్ అని ఉండి పక్కన మెరైన్ అనో ఫిష్ అనో లేకపోతే పశువులదే అనుకోవాలి. జెలటిన్‌కూ అంతే, ఫిష్ జెలటిన్ అని స్పష్టంగా ఉంటేనే సరే. జంతువు పేరు లేకుండా స్టాక్, బ్రాత్, మీట్ ఎక్స్‌ట్రాక్ట్, యానిమల్ ఫ్యాట్, యానిమల్ ప్రోటీన్, ఎంజైమ్స్ అని ఉంటే అనుమానించాలి. గోధుమ రంగు గుర్తున్న ప్యాకెట్‌లో గానీ విదేశీ ప్యాకెట్‌లో గానీ నేచురల్ ఫ్లేవర్ అని ఉన్నా అడిగి తెలుసుకోవాల్సిందే.

పాలు పడనివాళ్లకు మరికొన్ని: మిల్క్ సాలిడ్స్, వే, కెసిన్, కెసినేట్, లాక్టోజ్, గీ, బటర్. ఇన్‌స్టంట్ ఉప్మా మిక్స్‌లో నెయ్యి, చిప్స్ మసాలాలో వే పొడి, బ్రెడ్‌లో పాల పొడి మామూలే. ఇక్కడ ఒక సులువుంది. మన దేశంలో పాలు తప్పనిసరిగా ప్రకటించాల్సిన అలర్జీ కారకాల్లో ఒకటి. జాబితా కింద కంటైన్స్ అనే మాట తర్వాత మిల్క్ ఉందేమో చూస్తే చాలు. ఆ జాబితాలో గ్లూటెన్ ధాన్యాలు, రొయ్యల జాతి, గుడ్లు, చేపలు, వేరుశనగ, సోయా, సల్ఫైట్ లాంటివి ఉంటాయి కానీ క్షీరద మాంసం లేదు. ఆ వరసలో ఏమీ లేదని నిశ్చింతగా ఉండకండి.

పేరు చూసి అనవసరంగా భయపడేవీ ఉన్నాయి. కోకో బటర్‌లో వెన్న లేదు, పీనట్ బటర్‌లోనూ లేదు. లాక్టిక్ ఆసిడ్ మామూలుగా పిండి, చక్కెరలను పులియబెట్టి తీసేది. లెసితిన్ సాధారణంగా సోయాది.

మా అమ్మకు ఇంగ్లిష్ రాదు. లేబుల్ ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉంటే చాలని నిబంధన ఉండటంతో తెలుగు మాత్రమే వచ్చినవాళ్లకు ఈ జాబితా గోడ లాంటిది. ఒక అట్టముక్క మీద పది మాటలు పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, పక్కన తెలుగులో ఎలా పలకాలో రాసిచ్చాను. అమ్మ దాన్ని పర్సులో పెట్టుకుని, కొట్లో ప్యాకెట్ పక్కన ఆనించి, అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. మొన్న మనవరాలి పుట్టినరోజుకు తెచ్చిన మార్ష్‌మాలో ప్యాకెట్‌లో జెలటిన్‌ను పట్టుకున్నది నేను కాదు, అమ్మే.

నంబర్ల సంగతి

ఆహారంలో కలిపే రంగులు, నిల్వ పదార్థాల లాంటి వాటికి పేరుకు బదులు రాసే ఐఎన్ఎస్ నంబర్లు అందర్నీ భయపెడతాయి గానీ మనకు కావలసినవి కొన్నే. ఐరోపా ప్యాకెట్ల మీద ఇవే ముందు ఇ అక్షరంతో ఉంటాయి. 428 అంటే జెలటిన్, పాత ఐరోపా లెక్కలో 441. 542 ఎముకల ఫాస్ఫేట్. ఈ రెండూ నేరుగా జంతువువే.

471, 472, 470, 481, 570, 422 కొవ్వు నుంచి తీసేవి. ఆ కొవ్వు మొక్కది కావచ్చు, పశువుది కావచ్చు. పచ్చ గుర్తుంటే మొక్కదే అయ్యుండాలి. నూడుల్స్, చిప్స్ మసాలాల్లో కనిపించే 631, 627, 635 కూడా అలాంటివే. 631 మాంసం నుంచీ, చేపల నుంచీ తీయొచ్చు, పిండిపదార్థాన్ని పులియబెట్టీ తీయొచ్చు. 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఈ నంబర్‌నే ఉదాహరణగా తీసుకుని, కోడ్ రాసి వదిలేయకుండా ఆ పదార్థం మొక్క నుంచి వచ్చిందో జంతువు నుంచి వచ్చిందో కూడా చెప్పాలని ఆదేశించింది.

407 ప్రత్యేకం. అది క్యారజీనన్, సముద్రపు నాచు నుంచి తీస్తారు. జంతువు కాదు, పచ్చ గుర్తూ ఉంటుంది. కానీ దాని నిర్మాణంలోనూ ఆల్ఫా-గాల్ ఉంది, ఈ అలర్జీ ఉన్నవాళ్లలో కొందరు దానికీ స్పందిస్తారు. ఫ్లేవర్డ్ మిల్క్, ఐస్‌క్రీమ్‌లలో వాడతారు. అన్నీ మానేసినా దద్దుర్లు ఆగకపోతే దీని గురించి డాక్టర్‌తో మాట్లాడండి.

120 ఎర్ర రంగు, 904 లక్క, 901 తేనెమైనం. ఇవన్నీ పురుగుల నుంచి, తేనెటీగల నుంచి వచ్చేవి. శాకాహారులకు వీటితో పట్టింపు ఉండొచ్చు గానీ ఈ అలర్జీకి వీటితో పనిలేదు.

చికెన్ అని రాసినంత మాత్రాన చికెన్ ఒక్కటే కాదు

మాకు దెబ్బ తగిలింది ఇక్కడే. ఫ్రీజర్‌లోంచి చికెన్ సాసేజ్ ప్యాకెట్ తెచ్చాను. ముందు వైపు కోడి బొమ్మ, త్రిభుజం. వెనక చికెన్, నీళ్లు, ఉప్పు, మసాలాలు చదివి తృప్తిపడ్డాను. చివరి మాట చదవలేదు. ఆ రాత్రి రెండింటికి తమ్ముడు తలుపు కొట్టి, "అక్కా, మళ్లీ వచ్చింది" అన్నాడు. మెడ దగ్గర మొదలైన దద్దుర్లు అప్పటికే చేతుల దాకా పాకాయి. వాడికి డాక్టర్ రాసిచ్చిన మందు వేసి తెల్లారేదాకా పక్కనే కూర్చున్నాను. పొద్దున చెత్తబుట్టలోంచి ప్యాకెట్ తీసి చూస్తే చివర్లో ఉంది, కొలాజెన్ కేసింగ్. లోపలిది చికెనే. పైన తొడుగు మాత్రం పశువుల చర్మం నుంచి చేసేది. నేచురల్ కేసింగ్ అని ఉంటే అది గొర్రె పేగో పంది పేగో. స్కిన్‌లెస్ రకాలకు మొక్కల సెల్యులోజ్ తొడుగు వాడి తీసేస్తారు కాబట్టి అవి మేలు. అయినా లోపలి జాబితా చదవాలి.

ఇదే జాగ్రత్త చికెన్ సూప్ పొడి, చికెన్ క్యూబులు, కొరియన్ నూడుల్స్ విషయంలోనూ పనికొస్తుంది. ముందు చికెన్ అని ఉన్నా మసాలా పొట్లంలో బీఫ్ పొడి గానీ కొవ్వు గానీ ఉందేమో చూడండి.

సూట్‌కేసులో వచ్చినవి, స్టిక్కర్ అంటించినవి

హైదరాబాద్‌లో ప్రతి రెండో ఇంటికి అమెరికా నుంచో గల్ఫ్ నుంచో సూట్‌కేస్ వస్తుంది. అందులో వచ్చిన చాక్లెట్లకు, గమ్మీలకు పచ్చ చుక్క ఉండదు. గుర్తు లేదంటే ప్రతి అక్షరం చదవాల్సిందే. పిల్లలకని తెచ్చే విటమిన్ గమ్మీల్లో చాలా వాటిలో జెలటిన్ ఉంటుంది. పెక్టిన్ అని ఉంటే అది పండ్ల నుంచి తీసేది, పర్వాలేదు.

గల్ఫ్ నుంచి వచ్చిన వాటి మీద హలాల్ ముద్ర చూసి, "ఇందులో పంది లేదు కదా, ఏం కాదు" అంటారు. హలాల్ ముద్ర వల్ల మనకు తెలిసేది పంది లేదనే. ఆవు, గేదె జెలటిన్ హలాల్ కావచ్చు. ఈ అలర్జీకి పందీ ఒకటే, ఆవూ ఒకటే. వీగన్ అని స్పష్టంగా ఉంటే అన్నిటికంటే నమ్మకం, అందులో పాలు కూడా ఉండకూడదు.

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ సూపర్‌మార్కెట్లలో దొరికే దిగుమతి సరుకులకు మన గుర్తును, దిగుమతిదారు చిరునామాను స్టిక్కర్ మీద అంటిస్తారు. ఆ స్టిక్కర్ ఒక్కోసారి అసలు జాబితా మీదే పడుతుంది. కింద ఏముందో కనిపించకపోతే కొనకండి. దిగుమతి చీజ్ అయితే రెనెట్ ఏ రకమో చూడండి. మైక్రోబియల్ అని ఉంటే సూక్ష్మజీవుల నుంచి తీసినది, దూడ కడుపులోంచి కాదు.

మందుల డబ్బా కూడా ప్యాకెట్టే

ఆహారం మీద పెట్టిన శ్రద్ధ మందుల దగ్గర సడలిపోతుంది. గట్టి క్యాప్సూల్, మెత్తని జెల్ క్యాప్సూల్ రెండూ ఎక్కువగా జెలటిన్‌తోనే చేస్తారు. హెచ్‌పీఎంసీ అని ఉంటే మొక్కలది. విటమిన్ డి3 సాధారణంగా గొర్రె ఉన్నిలోని మైనం నుంచి వస్తుంది. ఆసుపత్రిలో చేరితే ముందే చెప్పాల్సినవి ఇంకా పెద్దవి: హెపారిన్ పంది పేగుల నుంచి తీస్తారు, కొన్ని టీకాల్లో జెలటిన్ ఉంటుంది, కొన్ని గుండె కవాటాలు పంది, ఆవు కణజాలంతో చేసినవి, పాముకాటు విరుగుడు గుర్రం రక్తం నుంచి తయారవుతుంది. ఇవి ప్రాణం నిలిపే మందులు. వద్దని మీరే నిర్ణయించుకోకండి. అలర్జీ సంగతి డాక్టర్‌కు చెప్పండి, ఏం చేయాలో వాళ్లు చూసుకుంటారు. మా తమ్ముడి ఫోన్ కవర్ వెనక ఒక చీటీ ఉంటుంది. జబ్బు పేరు, పడని మందులు, నా నంబర్ ఉంటాయి.

కంపెనీకి ఫోన్ చేసేటప్పుడు

ప్రతి ప్యాకెట్ మీద కస్టమర్ కేర్ వివరాలుంటాయి. ఫోన్ కంటే మెయిల్ మేలు, జవాబు రాతపూర్వకంగా ఉంటుంది. అడిగే తీరులోనే ఉంది అంతా. "ఇందులో జంతు పదార్థాలున్నాయా?" అంటే, "ప్యూర్ వెజ్ మేడమ్" అని ఫోన్ పెట్టేస్తారు, పాల సంగతి చెప్పరు. ఇలా అడగండి: "ఆవు, గేదె, మేక, గొర్రె, పంది, వీటిలో దేని నుంచైనా తీసిన కొవ్వు, జెలటిన్, కొలాజెన్, స్టాక్ గానీ, పాల పదార్థం గానీ ఇందులో ఉందా? 471 దేని నుంచి తీశారు? ఇదే మెషీన్ మీద మటన్ సరుకు కూడా తయారవుతుందా?" ప్యాకెట్ మీది బ్యాచ్ నంబర్ కూడా చెప్పండి. జవాబు దాటవేస్తే ఆ సరుకు మన ఇంటికి రానక్కర్లేదు. గుర్తు తప్పుగా వేశారని రుజువుంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్‌ఫ్రీ 1800 112 100కు గానీ, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో గానీ ఫిర్యాదు చేయొచ్చు.

పచ్చళ్లు, హలీమ్

సీసాలో అమ్మే నాన్‌వెజ్ పచ్చళ్లు మన ఊళ్లో వీధికో కొట్టు. చికెన్ పచ్చడి మీద చికెన్ అనే ఉంటుంది. కానీ అడగాల్సింది ముక్కలు వేయించిన నూనె గురించి. ఒక కొట్టులో నేను అడిగితే, ఆవిడ నిజాయితీగా చెప్పింది: "పొద్దున మటన్ వేపుతామమ్మా, అదే మూకుట్లో తర్వాత చికెన్." ఆమెకు దండం పెట్టి రొయ్యల పచ్చడి కూడా కొనకుండా వచ్చేశాను. ఇప్పుడు ఇంట్లోనే పెడుతున్నాం.

రంజాన్ నెలలో చికెన్ హలీమ్ ప్యాక్ కొనే ముందు కూడా అంతే. ఎసరుకు ఏ ఎముకలు వాడారు, నెయ్యి ఎంత, గరిటె ఒకటేనా అని అడగండి. నిహారీ, పాయా, మరగ్ లాంటి మాంసం వంటకాలు పక్కపక్క గుండిగల్లో ఉండే చోట చికెన్ షోర్వా అన్నా నేను నమ్మను.

కొత్త ప్యాకెట్ మొదటిసారి తినేటప్పుడు

గతంలో ఊపిరాడకపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి జరిగినవాళ్లు అనుమానమున్నదాన్ని ఇంట్లో తిని పరీక్షించుకోవద్దు. మిగతావాళ్లు చదివి సరేననుకున్న కొత్త సరుకునైనా రాత్రి భోజనంలో మొదలుపెట్టొద్దు. మధ్యాహ్నం తినండి, ఆరు గంటల్లో ఏమైనా జరిగితే మెలకువగా, మనుషుల మధ్య ఉంటారు. ఒకరోజు ఒకే కొత్త వస్తువు. ఆరోజు మద్యం, కఠినమైన వ్యాయామం, నొప్పి మాత్రలు వద్దు, ఇవి అలర్జీని రెచ్చగొట్టగలవు. ఊపిరి అందకపోయినా, నాలుక వాచినా, తల తిరిగినా డాక్టర్ ఇచ్చిన అడ్రినలిన్ ఇంజెక్షన్ వేసి 108కి ఫోన్ చేయండి. యాంటీ అలర్జీ మాత్ర వేసి ఎదురుచూడొద్దు.

మా ఇంట్లో ఒక నోట్‌బుక్ ఉంది. తేదీ, సరుకు పేరు, ఎన్ని గంటలకు తిన్నాడు, ఏమైంది. ప్రతి లేబుల్ ఫోటో ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో. ప్యాకెట్ డిజైన్ మారినా, కొత్త రుచి అని రాసినా పాతదాన్ని పక్కన పెట్టి మళ్లీ చదువుతాను, కంపెనీలు చెప్పకుండా పదార్థాలు మారుస్తాయి. అల్మారాలో పై అర తమ్ముడిది. వాడికి పడేవే అక్కడ పెడతాం, కొత్తగా వచ్చినదేదైనా చదివాకే ఆ అర ఎక్కుతుంది.

మళ్లీ పిడుదు కుట్టకుండా ఉంటే కొందరికి ఏళ్లు గడిచేకొద్దీ యాంటీబాడీలు తగ్గుతాయి. మళ్లీ కుడితే పెరుగుతాయి. ఊళ్లో పశువుల కొట్టంలోకి, గడ్డిలోకి వెళ్లేటప్పుడు వాడు నిండు ప్యాంటు వేసుకుంటాడు, వచ్చాక ఒళ్లు చూసుకుంటాడు. ఈ ఏడాది పరీక్షలో అంకె కొంత తగ్గింది. మటన్ ఊసెత్తలేదు గానీ, మజ్జిగకు డాక్టర్ ఒప్పుకున్నారు. నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీలో మధ్యాహ్నం ఒంటిగంట, అర గ్లాసు మజ్జిగ, సాయంత్రం ఏడు దాకా ఏమీ లేదు అని వాడే రాసుకున్నాడు.